పోర్టు పెట్టడం ఒక పూట పని, చూసుకోవడం ఏడాది పని

వైజాగ్‌లో ఏ కీమో వార్డు బయట కూర్చున్నా పోర్టు (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న డబ్బీ) గురించి రెండు ప్రశ్నలే ఎక్కువగా వినిపిస్తాయి: ఎంతవుతుంది, నొప్పి ఉంటుందా. రెండూ అడగాల్సినవే. మా అక్క వెంట ఏడాదికి పైగా ఆస్పత్రుల చుట్టూ తిరిగిన నాకు మాత్రం మూడో ప్రశ్నే పెద్దదనిపిస్తుంది. పెట్టాక దాన్ని ఎవరు తెరుస్తారు, ఎక్కడ తెరుస్తారు? పోర్టు పెట్టించుకోమని చెప్పే డాక్టరే, కీమో మొదలు కాకముందే, ఈ సంగతి కూడా చెప్పాలి. అలా చెప్పడం నేనింతవరకు చూడలేదు. నా గొడవంతా అదే.

తెలియనివాళ్ళ కోసం ముందు ఆ వస్తువు గురించి నాలుగు ముక్కలు. పోర్టు అంటే టైటానియంతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన చిన్న డబ్బీ. చుట్టుకొలత రూపాయి బిళ్ళకు అటూ ఇటూ. పైన మందపాటి సిలికాన్ మూత ఉంటుంది, పక్కనుంచి సన్నటి మెత్తటి గొట్టం వస్తుంది. ఆ మూతలోంచి సూది దింపి వాడటాన్నే పోర్టు తెరవడం అంటున్నాను. కాలర్ ఎముక కింద చర్మాన్ని కొద్దిగా కోసి, లోపల సంచిలా చేసి, డబ్బీని అందులో పెట్టి కుట్టేస్తారు. గొట్టాన్ని మెడలోని పెద్ద నరంలోకి పంపి, దాని కొసను గుండెలోకి రక్తం దిగే చోట ఆపుతారు. బయటికి ఏమీ వేలాడదు. కుట్లు మానాక చూస్తే చర్మం కింద చిన్న గుబ్బ, పక్కన ఓ గీత, అంతే. మా ఊళ్ళో అయితే ‘గుండెకి మిషన్ పెట్టేరట’ అని చెప్పుకున్నారు. అక్కకు గుండె జబ్బు కూడా ఉందనుకుని పరామర్శకు వచ్చినవాళ్ళూ ఉన్నారు.

అంత లోపలికి ఎందుకంటే, చేతి నరంలో రక్తం మెల్లగా పారుతుంది. కీమో మందు ఘాటు మందు. ఆ కాస్త రక్తంలో అది పలచబడేలోపే నరం గోడను కాల్చేస్తుంది. గుండె దగ్గరి పెద్ద సిరలో నిమిషానికి రమారమి 2 లీటర్ల రక్తం పారుతుంది కాబట్టి, మందు దిగీ దిగగానే కలిసిపోతుంది. కొన్ని మందులతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. వార్డులో అందరూ ‘ఎర్ర మందు’ అనే డాక్సోరుబిసిన్ లాంటివి నరంలోంచి జారి చర్మం కిందికి చేరితే అక్కడి కండ చచ్చిపోతుంది. పుండు పడితే నెలల తరబడి మానదు, ఒక్కోసారి ఆపరేషన్ దాకా వెళుతుంది. అందుకే ఎర్ర మందు ఎక్కించేటప్పుడు సిస్టర్ పక్కనే నిలబడి, మధ్యమధ్యలో సిరంజి వెనక్కి లాగి రక్తం వస్తోందో లేదో చూస్తూ ఉంటుంది.

అక్కది ఎడమ రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్లో చంకలోని గ్రంథులు కూడా తీసేశారు కాబట్టి ఎడమ చేతికి సూది వద్దు, బీపీ పట్టీ కూడా కట్టించుకోవద్దు అన్నారు. అంటే మిగిలింది ఒక్క కుడి చెయ్యి. రాసిచ్చిన చికిత్సేమో నాలుగు ఎర్ర మందు సైకిళ్ళు (విడతలు), ఆ తర్వాత వారానికొకటి చొప్పున పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు పన్నెండు సార్లు. ప్రతిదానికీ ముందు రక్త పరీక్ష, దానికి ఇంకో పోటు. ఒక్క చెయ్యి, అందులోనూ యాభై దాటిన, సన్నటి, ఎండకు నల్లబడ్డ చెయ్యి ఎన్ని పోట్లకు ఓర్చుకుంటుందో ఆ కాగితం చూడగానే ఎవరైనా లెక్కేయొచ్చు. ఎవరూ వెయ్యలేదు. మూడో సైకిల్ వచ్చేసరికి ముంజేతి మీద నరం పొడుగునా నల్లటి చార పడింది. తడిమితే లోపల ట్వైన్ దారం బిగించినట్టు గట్టిగా తగిలేది. వేడినీళ్ళ బ్యాగు పెట్టి, పిడికిలి బిగించమని, మణికట్టు మీద చరిచి, పసుపు రంగు చిన్నపిల్లల క్యాన్యులా (నరంలో ఉంచే సన్నటి సూది గొట్టం) తెచ్చి, అదీ దూరకపోతే పై వార్డు నుంచి ‘నరం దొరికించుకునే’ సిస్టర్‌ని పిలిపించి... మందు ఎక్కడం మొదలయ్యేసరికే మధ్యాహ్నం అయ్యేది. అక్క ఏడవలేదు. మందుకంటే ఆ సూది వెతుకులాటకే ఆవిడకు ముందురోజు రాత్రి నుంచి టెన్షన్ పట్టుకునేది. అన్నం సయించేది కాదు.

అప్పుడు వచ్చింది పోర్టు మాట. నరాలు పోయాక.

‘చేతులతో ఎంతవరకు లాగితే అంతవరకు లాగిద్దాం’ అనేది వార్డుల్లో ఓ అలవాటు మాట. డబ్బు లేనివాళ్ళ మీద జాలితోనే అంటారు, నేను కాదనను. కానీ అది జాలి కిందికి రాదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటారు దాన్ని. చేతి నరాలు పాడైపోయాక పోర్టు పెట్టినా ఆ నరాలు తిరిగి రావు. రేపు జ్వరమొచ్చి ఎక్కడో ఆస్పత్రిలో పడితే, పోర్టు ముట్టుకోవడం రానివాళ్ళ చేతిలో పడితే, మళ్ళీ ఆ చెయ్యే దిక్కు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ళ తరబడి కారణం తేలని కిడ్నీ జబ్బు ఉందని పేపర్లు చదివే ప్రతివారికీ తెలుసు. మా వీధిలో డయాలసిస్ మాట తెలియని ఇల్లు లేదు. అక్కడ చదువురాని ముసలాయన కూడా ఫిస్టులా చెయ్యిని చంటిపిల్లలా చూసుకుంటాడు. ఆ చేతికి బీపీ చూడనివ్వడు, రక్తం తీయనివ్వడు, ఆ చేత్తో బిందె ఎత్తడు. నిద్ర లేవగానే దాని మీద అరచెయ్యి వేసి జుయ్‌మని అదురుతోందా లేదా చూసుకుంటాడు. ముంజేతిలో ధమనిని సిరకు కలిపి కుడితే వచ్చేదే ఫిస్టులా. అది లావెక్కి సూదులకు పనికి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి డయాలసిస్ మొదలవడానికి చాలా ముందే ‘ఈ చెయ్యి దాచుకో’ అని చెబుతారు. అంతదాకా గడవడానికి మెడలో పెట్టే గొట్టం, ఎక్కువ కాలానికైతే పర్మక్యాత్ అనే ఇంకో రకం గొట్టం. కిడ్నీ రోగికి పిక్ లైన్ కూడా పెట్టొద్దంటారు, ఆ గొట్టం వల్ల నరం ఇరుకైపోతే రేపు ఫిస్టులాకు చోటుండదని. కిడ్నీ డాక్టర్లు నరాన్ని ఒక ఆస్తిలా లెక్కగట్టి, ముందే ప్లాన్ వేసి, రోగి చేతే కాపలా కాయిస్తారు. అదే జిల్లా నుంచి, అదే రైలెక్కి, అదే వైజాగ్‌కు వచ్చే కీమో రోగికి ఆ మాట ఎందుకు చెప్పరు? ఇది నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పిక్ లైన్ అన్నాను కదా. అది మోచేతికి పైన, లోపలి వైపు నరంలోంచి గుండె దాకా వెళ్ళే పొడుగాటి గొట్టం. కోత ఉండదు, మంచం దగ్గరే వేసేయొచ్చు, పోర్టు కంటే తక్కువ ఖర్చు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వైద్యానికి బాగానే పనికొస్తుంది. చిక్కేమిటంటే దాని తోక చేతి బయట ఉంటుంది. వారానికోసారి ఫ్లష్ చెయ్యాలి (మూసుకుపోకుండా ఉప్పునీళ్ళు తోసి కడగాలి), పైన పారదర్శకంగా ఉండే డ్రెస్సింగ్ మార్చాలి, తడి తగలకూడదు. మే నెలలో వైజాగ్ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఉక్కపోతకు డ్రెస్సింగ్ అంచులు రెండో రోజుకే లేచిపోతాయి. వార్డులో పక్క మంచం అమ్మాయి, అరకు వైపు నుంచి వచ్చిన పిల్ల, చేతికి పాలిథిన్ కవర్ చుట్టుకుని రబ్బరు బ్యాండ్ వేసుకుని స్నానం చేసేది. వాళ్ళ ఊళ్ళో ఆ డ్రెస్సింగ్ మార్చేవాళ్ళు లేక నగరంలోనే గది అద్దెకు తీసుకుని ఉండిపోయారు. గొట్టానికి మిగిలిన డబ్బు గది అద్దెకు పోయింది.

ఇలాంటి గొట్టాలను పక్కపక్కన పెట్టి చూసిన పెద్ద పరిశీలన ఒకటుంది. బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా క్యాన్సర్ రోగుల మీద చేసి, 2021లో ‘లాన్సెట్’ పత్రికలో వేశారు. పోర్టు, పిక్, ఛాతీ నుంచి బయటికి వేలాడే హిక్‌మన్ లైన్‌లను పోల్చారు. పోర్టును పిక్‌తో పోల్చినచోట ఇబ్బందులు పోర్టువాళ్ళలో 32 శాతం మందికి, పిక్ వాళ్ళలో 47 శాతం మందికి వచ్చాయి. హిక్‌మన్‌తో పోల్చినచోట 29కి 43. నాకు ఇందులో రెండు సంగతులు కనిపిస్తాయి. పోర్టు మేలన్నది ఒకటి. అంత మేలైన పోర్టు కూడా, అంత వ్యవస్థ ఉన్న దేశంలో కూడా, పదిమందిలో ముగ్గురికి ఏదో ఒక తంటా తెచ్చిందన్నది రెండోది. పోర్టు అమ్మేవాళ్ళు మొదటిదే చెబుతారు. రెండోదాన్ని చూసుకోవాల్సింది సిస్టర్లు.

సిస్టర్లు అంటే గుర్తొచ్చింది. మనిషి గుండె దాకా గొట్టం పంపొచ్చని మొదట చేసి చూపించింది వెర్నర్ ఫోర్స్‌మన్ అనే జర్మన్ డాక్టరు. 1929లో, ఎబర్స్‌వాల్డ్ అనే చిన్న ఊరి ఆస్పత్రిలో. పై డాక్టరు కుదరదన్నాడు. పరికరాల అల్మారా తాళాలు గెర్డా డిట్సెన్ అనే నర్సు దగ్గరున్నాయి. ఆవిణ్ణి ఒప్పించాడు, ఆవిడ ఏకంగా ‘నామీదే చెయ్యండి’ అంది. సరేనని ఆవిణ్ణి బల్లకు కట్టేసి, ఆవిడకు చేస్తున్నట్టు నటిస్తూ, తన చేతి నరంలోకే మూత్రనాళానికి వాడే గొట్టం దూర్చుకున్నాడు. తర్వాత ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, కొస గుండెలో ఉన్నట్టు ఫిల్మ్ తీయించుకున్నాడు. 1956లో ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. డాక్టరుగారి తెగువ గురించి అందరూ రాస్తారు. తాళాలు ఎవరి దగ్గరున్నాయన్న సంగతి మీద నాకు ఆసక్తి. ఇప్పటికీ అంతే కదా. 1982లో నీడర్‌హ్యూబర్ అనే అమెరికన్ సర్జన్ బృందం పూర్తిగా చర్మం కింద ఉండే పోర్టు గురించి రాశాక, పెట్టే పద్ధతి కుదురుకుంది. ఇవాళ మత్తు ఇంజెక్షన్‌తో గంటలోపు అయిపోయే పని. పెట్టింది మొదలు తీసేదాకా దాని బాగోగులన్నీ దాన్ని తెరిచే చేతిలో ఉంటాయి.

ఆ చెయ్యి ఎలా పనిచేస్తుందో నేను దగ్గరగా చూశాను. అక్కకు పోర్టు తెరిచే సిస్టర్‌ది కేరళ, తెలుగు మన యాసలోనే మాట్లాడుతుంది. ముందు చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని, అక్కకు కూడా మాస్కు పెట్టి, తల ఎడమవైపు తిప్పమంటుంది. క్లోర్‌హెక్సిడిన్‌తో (క్రిముల్ని చంపే మందు) రుద్ది, అది ఆరేదాకా ఊరికే నిలబడుతుంది. ఆ ఊరికే నిలబడటమే చాలామంది చెయ్యని పని, తొందరలో ఊదేస్తారు లేదా గాజుగుడ్డతో తుడిచేస్తారు. తర్వాత చేతి గ్లవ్స్ మార్చి, బొటనవేలు, మధ్యవేళ్ళతో గుబ్బ అంచుల్ని పట్టుకుని కదలకుండా నిలబెట్టి, ‘అమ్మా, గట్టిగా ఊపిరి పీల్చండి’ అని, సూదిని నిటారుగా ఒక్క దింపు. లోపల అడుగు రేకుకు తగిలి సూది ఆగుతుంది. ఆ తగలడం వేలికి తెలుస్తుందంటుంది ఆవిడ. వాడేది హ్యూబర్ సూది, దాని మొన పక్కకు వంగి ఉంటుంది. మామూలు సూది అయితే, కొబ్బరికాయలోంచి గరిటెతో లేత కొబ్బరి తీసినట్టు, దిగినప్పుడల్లా సిలికాన్‌లోంచి ఓ ముక్క తీసుకొచ్చేస్తుంది. నాలుగు పోట్లకు మూత కారిపోతుంది. సరైన సూది వాడితే అదే మూత వెయ్యికి పైగా పోట్లు తట్టుకుంటుంది.

సూది దిగాక ముందు వెనక్కి లాగి రక్తం చూస్తుంది. రక్తం రాకపోతే మందు ఎక్కించదు, ఎంత వరుస ఉన్నా సరే. ఒకసారి రాలేదు. అక్కను దగ్గమంది, చెయ్యి పైకెత్తమంది, పక్కకు తిరిగి పడుకోమంది. అలా తిప్పగా తిప్పగా వచ్చింది. గొట్టం కొసకు రక్తపు పొర కట్టినప్పుడు ఇలా అవుతుందట, లోపలికి వెళుతుంది కానీ బయటికి రాదు. అలాంటప్పుడు ‘వెళుతోందిగా, ఎక్కించేద్దాం’ అనేవాళ్ళు ప్రమాదకరమైన మనుషులు. చివరికి ఉప్పునీళ్ళతో ఫ్లష్. అదీ పది మిల్లీలీటర్ల సిరంజితోనే, చిన్న సిరంజి ఒత్తిడి ఎక్కువై గొట్టం చిట్లొచ్చని. కొంచెం తోసి ఆపి, కొంచెం తోసి ఆపి. ఉప్పునీళ్ళు నరంలోకి పోతుంటే ఆ రుచి నోట్లోకి వస్తుంది. అక్క ప్రతిసారీ ‘ఏటే, బీచ్‌లో మునిగినట్టుంది’ అనేది. ఆఖర్న రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ పోసి, తోస్తూనే బిగించి, సూది తీసేస్తుంది. మొత్తం పావుగంట పని.

ఈ పావుగంట పని కోసమే నా వాదనంతా. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో 103 ఐసీయూల్లో సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద నరం దాకా వేసే గొట్టం) ఇన్ఫెక్షన్లు తగ్గించిన కథ 2006లో వచ్చింది, డాక్టర్ పీటర్ ప్రోనొవోస్ట్ చేయించింది. కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. చేతులు కడుక్కోవడం, ఒళ్ళంతా కప్పే గుడ్డలు వాడటం, క్లోర్‌హెక్సిడిన్, గజ్జల్లో లైన్ వేయకుండా చూడటం, అక్కర్లేని లైన్ వెంటనే తీసేయడం. ఇవి ఐదే. ఇందులో ఏ ఒక్కటి డాక్టరు మరిచినా నర్సు ఆపేయొచ్చని అధికారం ఇచ్చారు. మూడు నెలల్లో ఆ ఐసీయూల్లో ఇన్ఫెక్షన్ల మధ్యగత రేటు సున్నాకు పడిపోయింది, అంటే కనీసం సగం ఐసీయూల్లో ఒక్కటీ రాలేదు. మన దగ్గర సిస్టర్ డాక్టర్ని ఆపడం సంగతి అలా ఉంచండి, పోర్టు తెరవడం నేర్చుకున్న సిస్టర్‌ని ఆర్నెల్లకోసారి వేరే వార్డుకు మార్చేస్తారు. నేర్చుకున్న చెయ్యి కాన్పుల వార్డులో, నేర్చుకోని చెయ్యి కీమో దగ్గర. ఇది ఏ ఒక్క ఆస్పత్రి తప్పూ కాదు, డ్యూటీ చార్టు రాసేవాళ్ళకు ఇదొక ప్రత్యేక పని అన్న ఆలోచనే లేదు.

ఇక వైజాగ్ దాటితే చెప్పక్కర్లేదు. నగరంలో లోటు లేదు. 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, ప్రైవేటు ఆస్పత్రులు బోలెడు. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అటు ఒడిశాలోని కోరాపుట్, జైపూర్ నుంచి కూడా జనం ఇక్కడికే వస్తారు. పోర్టు పెట్టించుకుని ఊరెళతారు. కీమో నడుస్తున్నంతకాలం ఎలాగూ వస్తారు కాబట్టి తెలియదు. అది అయిపోయాక కూడా పోర్టును వాడకుండా వదిలేస్తే రక్తం గడ్డకట్టి మూసుకుపోతుంది, అందుకని ఫ్లష్ చేయించుకుంటూ ఉండాలి. నాలుగు వారాలకోసారి అన్నది పాత లెక్క. మూడు నెలలదాకా ఆగినా పెద్ద తేడా లేదని ఈమధ్య పరిశీలనలు చెబుతున్నాయి. కొందరు డాక్టర్లు ఒప్పుకుంటారు, కొందరు నాలుగు వారాలే అంటారు. మా డాక్టరు నాలుగు వారాలే అన్నారు. అంటే నెలకోసారి అక్క చీకటితో లేచి, బావ పని మానుకుని తోడొచ్చి, రైల్లో వచ్చి, ఆటోలో ఆస్పత్రికి చేరి, టోకెన్ తీసుకుని, పావుగంట పని చేయించుకుని, రాత్రికి మళ్ళీ రైలెక్కాలి. కూలికెళ్ళే ఇల్లయితే రెండు నెలలు వచ్చి మూడో నెల మానేస్తారు. మూసుకుపోయిన పోర్టుతో మళ్ళీ వచ్చినప్పుడు ‘చెప్పినా వినరమ్మా వీళ్ళు’ అనే మాట పడతారు.

మా ఊరికి దగ్గర్లోని సర్కారు ఆస్పత్రిలో అడిగాం. అక్కడి సిస్టరమ్మ చూసి, ‘నేనెప్పుడూ చెయ్యలేదమ్మా, ఏదైనా అయితే నా ఉద్యోగం పోతాది’ అంది. ఆవిణ్ణి నేను మెచ్చుకుంటాను. తెలియని పని చెయ్యననడం మంచి నర్సు లక్షణం. కానీ నా కళ్ళ ముందు ఇంకోటి మెదిలింది. మా పలాసలో, సోంపేటలో డయాలసిస్ కేంద్రాలున్నాయి. అక్కడి సిస్టర్లు రోజూ మెడ గొట్టాలు తెరుస్తారు, శుభ్రం చేస్తారు, పని అయ్యాక హెపారిన్ పోసి మూస్తారు. పోర్టుతో కంటే కష్టమైన పని అది. అలాంటి గొట్టాలతో రోజంతా గడిపే చేతులకు హ్యూబర్ సూది నేర్పడానికి ఎంతకాలం పడుతుంది? వైజాగ్‌కు పిలిపించి కొద్దిరోజులు వార్డులో నిలబెడితే చాలు. ప్రతి ఏరియా ఆస్పత్రిలో ఇలా ఇద్దరు, ఒకరు సెలవు పెడితే ఇంకొకరు ఉండేలా. స్టోర్‌లో ఓ అట్టపెట్టె హ్యూబర్ సూదులు. దీనికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరికీ పట్టదు.

ఇదంతా చదివి అందరూ పోర్టు పెట్టించుకోవాలని నేనంటున్నట్టు అనుకోవద్దు. నాలుగు సైకిళ్ళ తేలికపాటి మందు, లావుపాటి నరాలు, రెండు చేతులూ వాడుకునే వీలు ఉన్నవాళ్ళకు క్యాన్యులాతోనే గడిచిపోతుంది. పోర్టు పెట్టేటప్పుడు ఊపిరితిత్తికి సూది తగిలే ప్రమాదం తక్కువే అయినా ఉంది. గొట్టం చుట్టూ గడ్డకట్టి చెయ్యి, మెడ వాచొచ్చు. ఇన్ఫెక్షన్ వస్తే కొన్నిసార్లు తీసేయడం తప్ప దారుండదు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఫైవ్ ఎఫ్‌యూ మందును 46 గంటలపాటు చిన్న పంపుతో ఎక్కించేవాళ్ళకు మాత్రం పోర్టో పిక్కో లేకుండా గడవదు. సూది చేతికి ఉండగా ఇంట్లో రెండు రోజులు ఎలా నిద్రపోతారు? ఖర్చు మాటకొస్తే, వేలల్లోనే అవుతుంది, సర్కారు వైద్య సేవ కార్డు ఉన్నవాళ్ళు తమ ప్యాకేజీలో పోర్టు కలుస్తుందో లేదో ముందే ఆస్పత్రిలో ఆ పథకం చూసే ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోవాలి. కానీ లెక్క వేసేటప్పుడు పోర్టు బిల్లు ఒక్కటే వెయ్యకండి. సూదుల ఖరీదు, ఫ్లష్‌కు వచ్చే దారి ఖర్చు, తోడొచ్చేవాళ్ళ కూలి, చివర్లో తీయించే ఖర్చు కూడా వెయ్యండి. ఆ లెక్కతో చూస్తే పలాస వాళ్ళకు, వైజాగ్ నగరంలోనే ఉన్న మద్దిలపాలెం వాళ్ళకు ఒకే పోర్టు ఒకే ధర కాదు.

అనుభవం మీద తెలిసిన కొన్ని చిన్న సంగతులు చెప్పకపోతే మనసొప్పదు. ఎక్కడ పెడతారో ముందే, కూర్చోబెట్టి, జాకెట్టు వేసుకున్న మీద గుర్తు పెట్టించుకోండి. పడుకోబెట్టి గుర్తుపెడితే లేచాక అది వేరేచోటికి వస్తుంది, బ్రా పట్టీ సరిగ్గా దానిమీదే ఒత్తుతుంది. అక్కకు పుస్తెలతాడు గుబ్బ మీద రాసుకుని ఎర్రబడింది. తాడు పొట్టి చేయించుకున్నాక తగ్గింది. తాడే తీసెయ్యమని సలహా ఇచ్చిన సర్జన్‌కు అక్క ఏం జవాబు చెప్పిందో ఇక్కడ రాయను. పోర్టుతోపాటు ఓ చిన్న కార్డు ఇస్తారు, దాన్ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. సీటీ స్కాన్‌లో రంగు మందును వేగంగా తోయడానికి అన్ని పోర్టులూ ఆగవు, ఆ ఒత్తిడి తట్టుకునే రకమేనని కార్డు మీద ఉంటేనే వాడాలి. బయటి ల్యాబుల్లో టెక్నీషియన్లు పోర్టు ముట్టుకోరు, ముట్టుకోకపోవడమే మంచిది. రక్తం తీయాల్సిన పరీక్షలు పోర్టు తెరిచే రోజునే పెట్టించుకుంటే ఓ పోటు తప్పుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఫ్లష్ చేసిన గంటా రెండు గంటల్లో వణుకుతో చలి వచ్చిందంటే అది మామూలు చలిజ్వరం కాదు, గొట్టంలో క్రిములు ఉండి ఉండొచ్చు. డోలో వేసుకుని పడుకోకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్ళాలి.

అక్కకు పాక్లిటాక్సెల్ అయిపోయింది, స్కాన్ బాగుంది. ఇప్పుడు ఇంట్లో గొడవ, పోర్టు తీయించాలా ఉంచాలా అని. డాక్టరు కొంతకాలం ఉంచితే మంచిదన్నారు. మళ్ళీ అవసరం పడితే ఆ చేతిలో నరాలు లేవు కదా అని. బావ కూడా అదే అంటాడు. అక్క మాత్రం, ‘ఫ్లష్ ఇక్కడే చేస్తామంటే ఇంకో రెండేళ్ళుంచుతాను, నెలనెలా వైజాగ్ తిప్పుతానంటే మాత్రం సంక్రాంతి లోపు తీయించీ’ అని తేల్చేసింది. ఒక మనిషి ఒంట్లో ఏది ఉండాలో ఏది తీయాలో రైలు టైం టేబుల్ చూసి నిర్ణయించుకోవాల్సి రావడం నాకు మింగుడు పడటం లేదు. పోయిన వారం బావ అర్జీ రాసి పట్టుకెళ్ళాడు, డయాలసిస్ సిస్టర్లలో ఇద్దరికి పోర్టు పని నేర్పించండి అని. మా చుట్టుపక్కల ఊళ్ళలో పోర్టు ఉన్నవాళ్ళ చేత సంతకాలు కూడా పెట్టించాడు. తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. ట్రైనింగ్‌కు పంపే ఆర్డరు జిల్లా నుంచి రావాలట.